మేనల్లుడికి: పియానోని కొలవకుండా పిన్ తిప్పొద్దు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ట్యూనింగ్ యాప్ కొన్నావంట, చిత్తూరు చర్చి పియానోతోనే మొదలుపెడతావంట, మీ అమ్మ చెప్పింది. మంచిదే. మిషన్ వద్దనే ముసలోణ్ణి కాదు నేను. కానీ ఆ పియానోని కొలవకుండా, యాప్ తనంతట తాను చూపించే లెక్కని నమ్మి తీగ బిగించే పిన్ తిప్పొద్దు.

గిటార్ వాళ్లు వాడే ట్యూనర్ ఉంది చూడు, నడిమి ఏ స్వరం (ఏ4) సెకనుకి 440 కంపనాలైతే, ఒక ఆక్టేవ్ పైనున్న ఏ5 సరిగ్గా రెట్టింపు, 880 అంటుంది. పియానోకి అది పనికిరాదు. ఉక్కు తీగ బిరుసు కాబట్టి దాని పార్షియల్స్ (ఒక్క తీగలోనే అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఉండాల్సిన చోటికంటే కొంచెం పైకి జరుగుతాయి. వాటితో కలవాలంటే పై స్వరాన్నీ ఆ మేరకు ఎత్తాల. అట్లా ఎత్తుకుంటా పోతే చివరి స్వరాలు 30 సెంట్ల దాకా (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ కావచ్చు, అడుగు బేస్ దాదాపు అంత తగ్గొచ్చు. తొమ్మిదడుగుల గ్రాండ్‌కి ఈ సాగదీత (స్ట్రెచ్) తక్కువ, పొట్టి తీగల నిలువు పియానోకి (అప్‌రైట్) ఎక్కువ. మన పక్క నీ చేతికొచ్చేవి ఎక్కువ పొట్టివే.

కొలిచేటప్పుడు ఫ్యాన్ ఆపు, తిరుపతి ఎండలో చెమట కారినా సరే. ఫ్యాన్ తిరుగుతుంటే మైకులో శబ్దం ఊగుతుంది. ఫెల్ట్ పట్టీ, వెడ్జులు పెట్టి ఒక్క తీగే మోగేటట్టు చూసుకో.

మధ్యలో 4:2 ఆక్టేవ్ పెట్టు. అంటే ఏ3 నాలుగో పార్షియల్, ఏ4 రెండో పార్షియల్, రెండూ 880 దగ్గర కలవాల. బేస్‌లోకి దిగాక 6:3. పై చివర 2:1 చాలు.

అసలు తిప్పలు రాగి చుట్టిన తీగలు ఆగి ఉత్త ఉక్కు తీగలు మొదలయ్యే చోట. శాండర్సన్ అక్యు-ట్యూనర్ అనే పాత ట్యూనింగ్ మిషన్ ఎఫ్3, ఏ4, సీ6 కొలిచి, ఏ స్వరాన్ని ఎంత సాగదీయాలో చూపే వంపు గీసేసేది. ఆ మూడింటికి ఈ అతుకు సంగతి ఏం తెలుస్తుంది? కాబట్టి అతుక్కి అటూ ఇటూ ఉన్న స్వరాలు కూడా కొలువు. తర్వాత మేజర్ టెన్త్‌లు (16 మెట్ల ఎడంలో ఉన్న స్వరాల జంటలు) వరసగా వాయిస్తా కిందికి దిగు. బీట్ (రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు వినిపించే ఊపు) వేగం నిదానంగా తగ్గుతా రావాల. ఒక్కచోట గబుక్కున మారిందంటే, తెర మీద పచ్చలైటు వెలిగినా సరే, చెవి మాట విని ఒకట్రెండు సెంట్లు జరుపు.

పైన ఎంత సాగదీయాలనేది కొంత నీ ఇష్టం. డబుల్ ఆక్టేవ్ శుభ్రంగా ఉంటే, సింగిల్ ఆక్టేవ్‌లో మెల్లగా ఒక బీట్ తిరిగినా నేను ఓర్చుకుంటా. కొందరు ఒప్పుకోరు. యూనిసన్లు, అంటే ఒకే స్వరానికున్న రెండు మూడు తీగలు, మాత్రం చెవితోనే కలుపు.

పియానో 440కంటే బాగా కిందికి దిగిపోయి ఉంటే ముందు ఒక చుట్టు ఎత్తేసి, మళ్లీ సన్నంగా పట్టు.

గీసిన వంపుని ఆ పియానో పేరుతో దాచిపెట్టుకో. కార్తీక వానలకి చెక్క ఉబ్బి శ్రుతి మారుతుంది గానీ, తీగలు మార్చనంతకాలం ఆ వంపు పెద్దగా మారదు. మళ్లీ పిలిచినప్పుడు కొలతల పని లేకుండా నేరుగా ట్యూనింగ్‌కి కూర్చోవచ్చు.

— మామ