లక్షకు పది కేసులకే ఎపిడెమిక్ అని ఎందుకంటారు?

మీరు ఆఫ్రికా మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరలకి వచ్చే వాపు జబ్బు) వారపు నివేదిక చూశానని, లక్ష జనాభాకు వారంలో 3 అనుమానిత కేసులు వస్తే అలర్ట్ అనీ, 10 వస్తే ఎపిడెమిక్ అనీ అందులో ఉందని రాశారు. ఇంత చిన్న అంకెకి అంత హడావిడి ఎందుకు, దేశం మొత్తం లెక్క వదిలేసి జిల్లాల లెక్క ఎందుకు చూస్తారు అన్నది మీ ప్రశ్న.

కొన్నేళ్ల క్రితం ఒక స్వచ్ఛంద వైద్య సంస్థ తరఫున ఉత్తర నైజీరియాలో ఈ డేటా పనే చేశాను. డాక్టర్ని కాదు, కేసుల పట్టికలు చూసేవాణ్ణి. కాబట్టి జబ్బు గురించి తక్కువ, లెక్క గురించి ఎక్కువ చెప్తాను.

ముందు జిల్లా సంగతి. మూడు లక్షల జనాభా ఉన్న ఒక జిల్లా అనుకోండి. అందులో ఒక మూల, 80 వేల మంది ఉండే చోట, ఈ వారం 8 కేసులు వచ్చాయి. ఆ మూల వరకే లెక్కేస్తే లక్షకు 10, అంటే ఎపిడెమిక్ గీత తాకినట్టే. అవే 8 కేసుల్ని జిల్లా మొత్తానికి పంచితే లక్షకు 2.7, అలర్ట్ కూడా రాదు. రాష్ట్రానికి పంచితే కంటికే ఆనదు. అందుకే డబ్ల్యూహెచ్ఓ మార్గదర్శకాల్లో ఈ 3, 10 అంకెలు 30 వేల నుంచి లక్ష దాకా జనాభా ఉన్న ప్రాంతాలకి అని ఉంటుంది. జిల్లా అంతకంటే పెద్దదైతే ముక్కలు చేసి చూడమంటారు. 30 వేల లోపైతే రేటు పక్కన పెట్టి, వారంలో 2 కేసులకే అలర్ట్, 5 కేసులకి ఎపిడెమిక్.

ఇక ఆ 10 దేనికంటే, దాని వెనక ఉన్నదంతా టైమ్ లెక్క. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా సాగే మెనింజైటిస్ బెల్ట్‌లో ఈ జబ్బు ఎక్కువగా డిసెంబర్ నుంచి జూన్ మధ్య, వానలు లేని నెలల్లో విజృంభిస్తుంది. దుమ్ముతో వీచే పొడిగాలికి ముక్కు, గొంతు లోపలి పొర దెబ్బతిని బ్యాక్టీరియాకి దారి దొరుకుతుందని భావిస్తారు. వానలు మొదలయ్యాక తగ్గిపోతుంది. అంటే ఒక జిల్లాలో ఎపిడెమిక్ లేచి, పీక్‌కి వెళ్లి, పడిపోవడం కొన్ని వారాల్లో అయిపోతుంది. ఆ లోపల మనం చేయాల్సిన పనులు చూడండి: గీత దాటిందని తెలియాలి, శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లాలి, ఏ రకం బ్యాక్టీరియానో తేలాలి, దేశం టీకాలు కావాలని అడగాలి, అవి రావాలి, ఊళ్లకి చేరాలి. టీకా వేశాక కూడా రక్షణ రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆలస్యంగా మొదలుపెడితే ఎన్ని డోసులు వేశామో కాగితం మీద ఘనంగా కనిపిస్తుంది, ఆపగలిగిన కేసులు మాత్రం పెద్దగా మిగిలి ఉండవు.

1996-97లో ఈ బెల్ట్‌లో 2.5 లక్షలకు పైగా కేసులు, 25 వేల మరణాలు నమోదయ్యాయి. ఆ దెబ్బ తర్వాతే, 1997లో, డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్, ఎంఎస్ఎఫ్ (సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ), రెడ్‌క్రాస్ సమాఖ్య కలిసి అత్యవసర టీకా నిల్వల కోసం ఐసీజీ అనే సమన్వయ బృందాన్ని పెట్టుకున్నాయి. దేశం నుంచి అభ్యర్థన అందాక రెండు పనిదినాల్లో నిర్ణయం, ఏడు రోజుల్లో టీకాలు అనేది వాళ్ల లక్ష్యం. ఎపిడెమిక్ గీత మొదట్లో 15 ఉండేది, 2014 చివర్లో 10కి దించారు. అప్పటికి పుణెలో తయారైన మెనాఫ్రివాక్ టీకాతో, ఈ ఎపిడెమిక్‌లు తెచ్చే మెనింగోకాకస్ బ్యాక్టీరియాలో ఎ రకం దాదాపు కనుమరుగవుతోంది. మిగిలిన రకాలతో వచ్చే ఎపిడెమిక్‌లు అంత పెద్దవి కావు, అందుకని ఇంకా ముందే కదలాలనుకున్నారు. నన్నడిగితే సరైన నిర్ణయమే. ఇంకా దించొచ్చు కదా అని వాదించేవాళ్లూ ఉన్నారు, కానీ అప్పుడు ప్రతి చిన్న గుంపుకీ పరిమితంగా ఉన్న నిల్వల్లోంచి తీయాల్సి వస్తుంది.

పని ఎలా నడుస్తుందో చెప్తాను. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. నైజీరియాలో ప్రతి స్థానిక ప్రభుత్వ ప్రాంతానికీ (మన జిల్లా లాంటిది) ఒక డీఎస్ఎన్ఓ, అంటే వ్యాధుల సమాచారం సేకరించే అధికారి ఉంటారు. వారం ముగియగానే ఆయన ఆసుపత్రులకి, పల్లె క్లినిక్‌లకి ఫోన్లు చేస్తాడు. "ఈ వారం సంకరౌ ఉందా?" అని అడుగుతాడు, అక్కడ హౌసా భాషలో దీని పేరు అదే. అనుమానిత కేసు అంటే ఉన్నట్టుండి జ్వరం, దానితో పాటు మెడ బిగుసుకుపోవడమో స్పృహ తప్పడమో. పసిపిల్లల్లో అయితే మాడు ఉబ్బడం. ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. మీరు చూసిన 3, 10 రెండూ ఈ అనుమానిత కేసుల మీద కట్టిన లెక్కలే.

ఈ ఫోన్లలో అన్నిటికంటే విలువైన జవాబు "సున్నా". నవ్వొస్తుంది కానీ నిజం. సున్నా అని చెప్పిన క్లినిక్ వేరు, అసలు ఏమీ చెప్పని క్లినిక్ వేరు. పట్టికలో రెండూ ఖాళీ గడిలాగే కనిపిస్తే కథ అంతా తారుమారవుతుంది. మా ప్రాంతంలో ఒక క్లినిక్ వరుసగా కొన్ని వారాలు మౌనంగా ఉంది. వెళ్లి చూస్తే కేసులున్నాయి, రిజిస్టర్ కూడా శుభ్రంగా రాశారు, ఫోన్‌లో బ్యాలెన్స్ వేయించేవాళ్లే లేరు. ఈ రంగంలో డబ్బంతా యాప్‌ల మీద, డ్యాష్‌బోర్డుల మీద పెట్టి, ఫోన్ రీఛార్జి దగ్గర పిసినారితనం చూపించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకో తలనొప్పి తేదీ. జ్వరం మొదలైన తేదీ, ఆసుపత్రికి వచ్చిన తేదీ, మాకు సమాచారం అందిన తేదీ మూడూ వేరు. మూడో దాని ప్రకారం గ్రాఫ్ గీస్తే, ఎవరో పాత ఫారాలన్నీ ఒకేసారి పంపిన రోజున భయంకరమైన పీక్ వస్తుంది, రాష్ట్ర కార్యాలయంలో అందరికీ టెన్షన్. ఇక భాగహారం కింది అంకె, అంటే జనాభా. నైజీరియాలో చివరి జనగణన 2006లో జరిగింది. దాన్నే పెంచుకుంటూ వచ్చిన అంచనాలతో భాగిస్తాం. దాడులకి భయపడి ఒక వార్డు జనం సగం పక్క వార్డుకి వెళ్లిపోతే, అక్కడ కేసులు పెరుగుతాయి, జనాభా అంకె మాత్రం పాతదే ఉంటుంది. అందుకే 9.4, 10.2 మధ్య తేడా మీద గొడవపడేవాళ్లని చూస్తే నాకు ఓపిక తగ్గేది. వరుసగా రెండు వారాలు పెరుగుతోందా లేదా అన్నదే ఎక్కువ నమ్మదగ్గ మాట.

కేసుల లెక్క ఎప్పుడు కదలాలో చెప్తుంది. ఏ టీకాతో కదలాలో మాత్రం వెన్ను నీరు, అంటే రోగి వెన్నులోంచి సూదితో తీసే ద్రవం చెప్పాలి. 2017లో ఉత్తర నైజీరియాలో 14 వేలకు పైగా అనుమానిత కేసులు, 1,100కు పైగా మరణాలు నమోదైనప్పుడు ప్రధాన కారణం సి రకం. అంతకుముందు వేసిన మెనాఫ్రివాక్ ఎ రకానికి మాత్రమే పనిచేస్తుంది. "టీకా వేశారుగా, మళ్లీ ఎందుకొచ్చింది?" అని జనం అడగడంలో తప్పేముంది? ఇప్పుడు ఎ, సి, డబ్ల్యూ, వై, ఎక్స్ అయిదింటికీ పనిచేసే మెన్‌ఫైవ్ టీకా వచ్చింది, 2024లో నైజీరియాతోనే వాడకం మొదలైంది. అది నిల్వల్లో సరిపడా ఉంటే ఈ చిక్కు బాగా తగ్గుతుంది. అయినా శాంపిల్స్ తీయడం ఆపకూడదు, ఎందుకంటే అదే లక్షణాలతో న్యూమోకాకస్ అనే వేరే బ్యాక్టీరియా జబ్బు కూడా వస్తుంది, దానికి ఈ టీకా పనిచేయదు.

శాంపిల్ రవాణాలో ఒక తమాషా ఉంది. టీకాలు మోసి మోసి అలవాటైన సిబ్బంది ఏది చేతికిచ్చినా ఐస్ పెట్టెలో పెట్టేస్తారు. కల్చర్ కోసం, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచి చూడటానికి పంపే సీసాని అలా పెడితే చలికి మెనింగోకాకస్ చచ్చిపోతుంది, ల్యాబ్‌లో ఏమీ పెరగదు. పీసీఆర్ కోసం పంపే గొట్టానికేమో చలి ఉండాల్సిందే. ఒకే రోగి, ఒకే నీరు, రెండు నియమాలు.

సరిహద్దుల గురించి మీరు అడగలేదు కానీ ప్రాంతీయ నిఘా అవసరం అక్కడే కనిపిస్తుంది. 2022 చివర్లో నైజర్ దేశంలోని జిండర్ ప్రాంతంలో కేసులు పెరిగాయి, 2023 జనవరి చివరికి 550 దాటాయి. సరిహద్దుకి ఇవతల నైజీరియాలోని జిగావా రాష్ట్రంలోనూ అదే సి రకం. జనం సంతలకీ పెళ్లిళ్లకీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఒకవైపు కాగితాలు ఫ్రెంచ్‌లో, ఇంకోవైపు ఇంగ్లిష్‌లో. రెండు దేశాల్లోనూ ఒకే వారం నంబరు, ఒకే కేసు నిర్వచనం, ఒకే గీత ఉన్నాయి కాబట్టే పక్కపక్కన పెట్టి చూడగలిగారు. బుర్కినా ఫాసో రాజధాని వగడూగులోని డబ్ల్యూహెచ్ఓ బృందం ఏళ్ల తరబడి అన్ని దేశాల అంకెల్నీ ఒకే పట్టికలోకి తెస్తూ వచ్చింది, మీరు చూసింది బహుశా అదే.

మళ్లీ ఆ నివేదిక తెరిచినప్పుడు మొత్తం కేసుల వరుస చివర్లో చూడండి. ముందు ఎన్ని జిల్లాలు రిపోర్టు పంపాయో చూడండి, తర్వాత ఎన్ని వెన్ను నీటి శాంపిల్స్ తీశారో, వాటిలో ఏ రకం తేలిందో. ఏ జిల్లా అయినా పోయిన వారం అలర్ట్‌లో ఉండి ఈ వారం సున్నా చూపిస్తే, జబ్బు తగ్గిందనుకునే ముందు ఆ సున్నా ఎవరైనా చెప్పిందా, ఖాళీ గడి నుంచి వచ్చిందా అని అనుమానించండి.