స్కాన్ చేసిన పొలం స్కెచ్ నిలువులో సాగుతోంది, స్కానర్ పాడైందా?

మీరు హండ్రెడ్ పర్సెంట్ సైజులోనే ప్రింట్ తీస్తున్నారు, అయినా ఒరిజినల్ మీద పెడితే అడ్డం కలుస్తోంది, నిలువు కలవట్లా. స్కానర్ పాడవలేదండి, తయారీలోనే వచ్చే తేడా అది, సరిచేసుకోవచ్చు.

కావలిలో మాది జిరాక్స్, డీటీపీ షాపు. ఒక పెద్దాయన 1:1000 స్కేలు స్కెచ్ తెచ్చాడు, అంటే కాగితం మీద మిల్లీమీటరు పొలంలో మీటరు. స్కాన్ చేసి ప్రింటిచ్చా, మర్నాడే వచ్చి "ఏందబ్బయ్యా, 200 మీటర్ల గట్టు 201న్నర చూపిస్తుండాదే" అన్నాడు, స్కేలు పెట్టి చూస్తే నిజమే, నాకు గుండె జారిపోయింది, గట్టు తగాదాలు ఎంత దూరం పోతాయో మనకి తెలుసు కదా.

ముందు ప్రింటర్‌ని అనుమానించా. ఆ రాత్రి స్టీలు స్కేలు గ్లాసు మీద పెట్టి 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల (పిక్సెళ్ల) లెక్కన స్కాన్ చేసి, 0 గీత నుంచి 200 మిల్లీమీటర్ల గీత దాకా పిక్సెళ్లు లెక్కేశా. 2362 రావాలి. అడ్డంగా పెడితే సరిగ్గా అంతే, నిలువుగా పెడితే 2380! అడ్డం కొలత గ్లాసు కింద బొమ్మని చదివే పట్టీది, అదే సెన్సరుది, నిలువు కొలత దాన్ని లాక్కెళ్లే మోటారు, బెల్టు, పుల్లీలది, పుల్లీ వెంట్రుకవాసి సన్నగా వచ్చినా సెన్సరు ప్రతి అడుగుకీ కాస్త తక్కువ జరుగుతుంది, అదే కాగితానికి లైన్లు ఎక్కువ పడి బొమ్మ సాగుతుంది.

అందుకే రెండూ కలిపి తగ్గించొద్దు. గింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో స్కేల్ ఇమేజ్ తెరిచి, వెడల్పునీ ఎత్తునీ కలిపే చెయిన్ గుర్తు విడగొట్టి, ఎత్తు ఒక్కటే మార్చాలి, నాకైతే 2362ని 2380తో భాగించి ఎత్తుతో గుణిస్తే ఏ4కి 3508 కాస్తా 3481 అయింది. అట్టనే వడ్రంగి మూలమట్టం కూడా స్కాన్ చేసి చూడండి, మూల 90 డిగ్రీలు రాకపోతే సెన్సరు వంకరగా కూర్చుందని, దానికి బొమ్మంతా తిప్పే రొటేట్ పనిచేయదు, ఒక వైపుకి వాల్చే షియర్ వాడాలి.

గళ్లు ప్రింట్ తీసి దాంతో మాత్రం కొలవొద్దు. ప్రింటర్ తేడా ఇంకోటి కలుస్తుంది, పైగా మన సముద్రం పక్క ఊళ్లలో నవంబరు వానలకి కాగితమే ఉబ్బుతుంది.

ఇదంతా గ్లాసు మీద పెట్టి చేసే స్కాన్‌కే. పైన ఫీడర్‌లో వేస్తే రోలర్ ఒక్కో కాగితాన్ని ఒక్కోలా జారుస్తుంది, ఆ లెక్క నిలకడగా ఉండదు, స్కెచ్‌లు అందులో అసలు వేయొద్దు. మీకు వచ్చిన రెండు పిక్సెళ్ల లెక్కలు రాయండి, ఎంత తగ్గించాలో నేను చెప్తా.