‘పొడవు’ అంటే ఎంత? – లైబ్రరీ రాస్తున్న యువ మిత్రునికి

యువ మిత్రునికి,

నమస్కారం. మీ లైబ్రరీకి, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే ఫంక్షన్ల సంపుటికి, మీరు రాసి పంపిన హెడర్ ఫైలునూ (దాని ఫంక్షన్ల జాబితానూ), దానికి జతచేసిన వివరణ పత్రాన్నీ రెండుసార్లు చదివాను. కోడ్ శుభ్రంగా ఉంది. అయితే ఐదో ఫంక్షన్ పైన మీరు రాసిన ‘పొడవు: స్ట్రింగ్ పొడవు’ అనే వ్యాఖ్య దగ్గర నా చదువు ఆగిపోయింది. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం రేపిన చిరాకులోంచే పుట్టిందని ముందే ఒప్పుకుంటున్నాను.

స్ట్రింగ్ అంటే వరుసగా పేర్చిన అక్షరాలే, కానీ దానికి ఏ పొడవు? ‘స్త్రీ’ అనే మాటను తీసుకోండి. చదివేవారికి అది ఒకే అక్షరం. అన్ని భాషల లిపులకూ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు కోడ్ పాయింట్లు, అంటే ఆరు సంఖ్యలు. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి, సీ భాషలో బైట్లను లెక్కించే స్ట్ర్‌లెన్‌ను అడిగితే 18 అంటుంది. జావా, పైథాన్ 3 రెండూ 6 అంటాయి, కానీ అవి ఒకే కొలబద్దతో కొలుస్తున్నాయని భ్రమపడకండి. ఒక నవ్వుముఖం ఎమోజీని ఇచ్చి చూస్తే జావా 2 అనీ, పైథాన్ 1 అనీ చెబుతాయి: జావా లెక్కించేది 16 బిట్ల యూనిట్లను, పైథాన్ లెక్కించేది కోడ్ పాయింట్లను. పోనీ కంటికి కనిపించే అక్షరాలనే లెక్కిద్దామంటే అదీ నిలకడగా ఉండదు. 2023లో యూనికోడ్ 15.1 వచ్చేవరకు ప్రామాణిక విభజన నియమాలు ఇదే ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా లెక్కించేవి, ఆ తర్వాతే ఒకటిగా లెక్కిస్తున్నాయి.

అందుకే నలుగురూ వాడుకునే లైబ్రరీలో ‘పొడవు’ అనే పేరే కనిపించకూడదని నా పట్టుదల. అంకె ఎక్కడ ఉన్నా దాని కొలమానం దాని పేరులోనే ఉండాలి: ‘బైట్ల సంఖ్య’, ‘కోడ్ పాయింట్ల సంఖ్య’. స్ట్రింగ్ మీ లైబ్రరీ గడప దాటే ప్రతిసారీ యూటీఎఫ్-8 రూపంలో, పాయింటర్ (మెమరీలో అది మొదలయ్యే చోటు), బైట్ల సంఖ్య రెండూ జతగా దాటాలి. ముగింపు గుర్తుగా చివర నల్ బైట్ (సున్నా విలువ గల బైట్) ఉంటుందిలే అన్న నమ్మకం మీద మాత్రమే నడిస్తే, మధ్యలో నల్ బైట్ ఉన్న సమాచారం అక్కడే తెగిపోతుంది. పెద్ద స్ట్రింగ్‌లో నడిమి ముక్కను కాపీ చేయకుండా అందించే వీలూ పోతుంది.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. తొలి రోజుల్లో నేను రాసిన ఒక లైబ్రరీలో పేరు కోసం 32 బైట్ల గడి పెట్టి, చెప్పినన్ని బైట్లకు మించకుండా కాపీ చేసే స్ట్ర్‌ఎన్‌కాపీతో నింపాను. మూలం గడికి సరిపడా గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆ ఫంక్షన్ చివర నల్ బైట్ పెట్టదని నాకు అప్పటికి తెలియదు. పొడవైన తెలుగు పేరు వచ్చినప్పుడు పది కోడ్ పాయింట్లు ముప్పై బైట్లలో ఇమిడి, పదకొండోదానిలో రెండు బైట్లు మాత్రమే చేరి, పక్క గడిలోని సమాచారం దానికి తోకలా అతుక్కుని అచ్చయ్యేది. దానికి కారణం పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. తెగిన చోటు నుంచి వెనక్కి నడిచి హద్దును వెతకడం యూటీఎఫ్-8లో ఎంత తేలికో ఆ తర్వాత అర్థమైంది: కొనసాగింపు బైట్లన్నీ 10 అనే బిట్లతో మొదలవుతాయి కాబట్టి, అలాంటివి కనిపించినంతసేపు వెనక్కి జరిగితే చాలు. యూటీఎఫ్-8ను రూపొందించిన కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లోనే ఈ సదుపాయాన్ని అమర్చిపెట్టినా, ఆ దశాబ్దమంతా ప్రతి అక్షరానికీ 16 బిట్లు చాలుననే ఫ్యాషన్ నడిచింది. 1996లో యూనికోడ్ 2.0 ఆ హద్దును దాటి కొన్ని అక్షరాలకు రెండేసి 16 బిట్ల యూనిట్లు వాడే జంట యూనిట్ల పద్ధతిని తెచ్చాక, ఆ ఫ్యాషన్‌ను నమ్మినవారు పెద్ద యూనిట్ల ఖర్చు, అక్షరాల నిడివి మారే చిక్కు అనే రెండు రకాల ఇబ్బందులనూ ఒకేసారి మోయవలసి వచ్చింది.

నా తర్వాతి లైబ్రరీ కరదీపికలో అంతటా ‘బైట్ల సంఖ్య’ అని రాస్తే, ఒక సంపాదకుడు అది పునరుక్తి అని, శైలి బాగుండాలని ప్రతిచోటా ‘పొడవు’ అని దిద్ది అచ్చువేయించాడు. శైలి బాగుపడిందేమో గానీ, వాడుకరుల ప్రశ్నలకు జవాబులు రాస్తూ కూర్చున్నది నేను.

ఇక మెమరీ యాజమాన్యం, అంటే తీసుకున్న మెమరీని ఎవరు విడిపించాలన్నది. మీ మూడో ఫంక్షన్ కొత్తగా కేటాయించిన మెమరీని ఇస్తోంది, ఏడోది అన్ని పిలుపులకూ ఒకటే అయిన తన సొంత స్థిర బఫర్‌ను (మెమరీ గడిని) చూపిస్తోంది, తొమ్మిదోది పిలిచినవారి బఫర్‌లో రాస్తోంది. స్థిర బఫర్‌ను తీసివేయండి. రెండు థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనులు) ఒకేసారి పిలిస్తే అది నిలవదు. కేటాయించి ఇచ్చేవాటిని విడిపించడానికి మీ లైబ్రరీలోనే ఒక ఫంక్షన్ ఉండాలి, ఎందుకంటే విండోస్‌లో ఒక్కో డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైలు) తన సొంత హీప్‌ను (మెమరీ నిల్వను) వాడుతూ ఉండవచ్చు, ఒకచోట కేటాయించినదాన్ని మరోచోట విడిపిస్తే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. బఫర్ చాలనప్పుడు నిశ్శబ్దంగా కత్తిరించకుండా, ఎన్ని బైట్లు కావాలో తిరిగి చెప్పండి.

‘ఐత్వాన్ని’ ఒకే కోడ్ పాయింట్‌గానూ, ఎత్వమూ ఐత్వపు గుర్తూ కలిపి రెండుగానూ రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ అంటుంది, బైట్లు మాత్రం వేరు. పోల్చే ఫంక్షన్ ఏ సమానత్వాన్ని చూస్తుందో పేరులోనే చెప్పండి, వచ్చిన స్ట్రింగ్‌ను మాత్రం చెప్పకుండా మార్చకండి.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (పాఠంలో వెతికే నమూనాల) గురించి మీరు అడిగినవాటికి ఈసారి జవాబు రాయలేదు. సవరించిన హెడర్ పంపేటప్పుడు, ఖాళీ స్ట్రింగ్‌కూ అసలు స్ట్రింగే లేకపోవడానికీ మీ ఫంక్షన్లు వేర్వేరు జవాబులు ఇస్తున్నాయో లేదో చూసి పంపండి. పదిహేడో ఫంక్షన్ మీద నాకు అనుమానంగా ఉంది.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి