పెరటి పూల్‌లో నీళ్లు వెచ్చబడాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు. ఎండాకాలంలో పిల్లల కోసం పెరట్లో పదడుగుల ఫ్రేమ్ పూల్ పెట్టించాం, రెండడుగుల లోతు నీళ్లు నింపుతాం. సంక్రాంతి సెలవులకి మా ఆడబిడ్డ పిల్లలొస్తున్నారు, నీళ్లలో కాలు పెడితేనే జివ్వుమంటోంది. పూల్ హీటర్ కొనే స్తోమత లేదు. ఇమ్మర్షన్ రాడ్ పెట్టొచ్చా, లేకపోతే మిద్దె మీదున్న సోలార్ గీజర్ నీళ్లు కలిపితే సరిపోతాయా? - ఒక పాఠకురాలు

జవాబు: రాడ్ మాత్రం వద్దమ్మా, పిల్లలు లేనప్పుడు కూడా వద్దు. షాక్ భయం ఒకటి, వేడి రాడ్ తగిలితే షీటు కరిగిపోతుంది. పైగా మీ పూల్‌లో సుమారు 4,400 లీటర్లుంటాయి, ఒక్క డిగ్రీ పెరగాలంటేనే 5 యూనిట్ల కరెంటు కావాలి. సోలార్ గీజర్లో 200 లీటర్లు 60 డిగ్రీల నీళ్లు మొత్తం పోసినా ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుందేమో, అంతే.

అసలు పగలంతా ఎండ ఆ నీళ్లని ఊరికే కాస్తూనే ఉంది కదా, రాత్రికి అదంతా ఎక్కువగా ఆవిరి రూపంలో పైనుంచే పోతోంది, కాబట్టి మీ డబ్బు ముందు కవర్ మీద పెట్టండి. బుడగలుండే పారదర్శకమైన సోలార్ కవర్ పూల్ సైజుకి కత్తిరించి, బుడగల వైపు నీళ్లకి ఆనేలా పరిచేయండి, పగలూ రాత్రీ ఉంచొచ్చు. నల్ల టార్పాలిన్ వేస్తే ఆవిరి ఆగుతుంది గానీ ఎండ లోపలికి దిగదు. చెట్టు నీడ పడకుండా, గాలి నేరుగా కొట్టకుండా చూసుకోండి. చిన్నపిల్లలే కదా, నీళ్లు ఒకటిన్నర అడుగుకి తగ్గించండి, అదే ఎండకి తక్కువ నీళ్లు త్వరగా వెచ్చబడతాయి, ఫిల్టర్ పైపు మాత్రం మునిగుండాలి. ఎండ బాగా తగులుతుందని పూల్‌ని మిద్దె మీదకి మార్చే ఆలోచన ఉంటే మానుకోండి, రెండడుగుల నీళ్లంటే చదరపు మీటరుకి 600 కిలోలు, మామూలు ఇంటి శ్లాబు అంత బరువుకి కట్టింది కాదు.

ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే, టమోటా రైతులు వాడే 16 ఎంఎం నల్ల డ్రిప్ పైపు, రంధ్రాల్లేనిది, వ్యవసాయ షాపుల్లో దొరుకుతుంది. ఒక 200 మీటర్లు తెచ్చి నాలుగు ముక్కలు చేసి, ఒక వైపు కొసలన్నీ ఒక పెద్ద పైపుకి, రెండో వైపు కొసలన్నీ ఇంకో పెద్ద పైపుకి కలిపి, పూల్ పంపు నీళ్లు వీటిలోంచి తిరిగి పూల్‌లోకి వచ్చేలా, ఎండ పడే చోట నేల మీదే చుట్ట చుట్టి పరవండి, ఒకదాని మీద ఒకటి పడకుండా. మిద్దె ఎత్తుకి నీళ్లెక్కించే బలం పూల్‌తో వచ్చే చిన్న పంపుకి ఉండదు. పదింటి నుంచి మూడున్నర దాకా, పిల్లలు నీళ్లలో లేనప్పుడు తిప్పితే బాగా ఎండ కాసిన రోజు రెండు డిగ్రీలు పెరగొచ్చు. బయటికొచ్చే నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయని పంపు స్లో చేయకండి, నీళ్లు ఎక్కువ తిరిగితేనే ఎక్కువ వేడి చేరుతుంది, ఎండ పోయాక మాత్రం ఆపేయాలి, లేకపోతే అదే పైపు నీళ్లని చల్లబరుస్తుంది.

పిల్లల్ని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో దించండి. పంపు ప్లగ్ తీసేశాకే దించాలి, కవర్ కూడా మొత్తం తీసెయ్యాలి, సగం మడిచి వదిలేస్తే దాని కిందకి పోయిన పిల్లాడు పైనున్నవాళ్లకి కనపడడు.