మోకాలు దాచకు, అల్లుడూ

అల్లుడూ,

ఇటలీ వాలీబాల్ క్లబ్బు నుంచి ఆడమని పిలుపొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ సాయంత్రమంతా కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

సంతకానికి ముందు చూడాల్సినవి నీకూ తెలుసు. రాసిన జీతం పన్ను పోగా చేతికొచ్చేదేనా, ఇల్లూ విమానం టికెట్టూ ఎవరి ఖర్చు, దెబ్బ తగిలి కూర్చుంటే జీతం ఎన్నాళ్ళిస్తారు. అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్ రాకుండా కోర్టులో దిగనివ్వరు. దాని గడువు తేదీ కూడా చూసుకో.

దగ్గు మందు సంగతి చెప్పాలి. మీ అమ్మ నీ పెట్టెలో ఓ సీసా పెట్టేస్తుంది, నాకు తెలుసు. మన దగ్గర దొరికే చాలా దగ్గు సిరప్పుల్లో టెర్బుటలిన్ ఉంటుంది. అది డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్న మందు. పేరూ ఊరూ లేని పొడులు, లేహ్యాలు కూడా వద్దు. అమ్మను నొప్పించకుండా సీసా తీసి ఇంట్లోనే పెట్టెయ్.

ఇక అసలు విషయం నీ ఎడమ మోకాలు. ఏమీ లేదని బుకాయించకు. నువ్వు మెట్లు దిగడం చూశాను.

కుడిచేత్తో కొట్టేవాడికి లిఫ్ట్, అంటే స్మాష్ కోసం పైకి లేపి ఇచ్చే బంతి, కాస్త ఎడమకు జారినా, తలకు వెనక్కి పడినా, దాని కోసం నడుం ఎడమకు వంగుతుంది. దిగేటప్పుడు బరువంతా ఎడమకాలి మీదే పడుతుంది. చిప్ప కింద ఉండే స్నాయువు, అంటే చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీ, ఆ దెబ్బ రోజూ తింటుంది. మొదట్లో ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడే నొప్పి, ఒళ్ళు వేడెక్కితే మాయం. మన కుర్రాళ్ళను ముంచేది ఆ మాయమవడమే. 'పోయిందిలే' అనుకుంటారు, జట్టులో చోటు పోతుందని కోచ్‌కి చెప్పరు, మాత్ర మింగి ఆడేస్తారు. తర్వాత మెట్లు దిగుతుంటే నొప్పి, బస్సులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే నొప్పి. కొన్ని వారాల్లో సర్దుకోవాల్సింది నెలలకు నెలలు తింటుంది. మా తరంలో ఎందరు ఇలాగే గోడకు ఆనుకుని స్కోరు చూస్తూ మిగిలారో! గాడిదలు. నువ్వూ అదే దారిన పోతున్నావు కాబట్టే తిడుతున్నా.

మంచమెక్కి పూర్తి విశ్రాంతి తీసుకోవడమూ తప్పే. బరువు పడకపోతే స్నాయువు ఇంకా బలహీనపడుతుంది. ఎగరడం తగ్గించు, బరువు ఆపకు. లెగ్ ఎక్స్‌టెన్షన్ మిషన్ (కూర్చుని కాలు చాచి బరువెత్తేది) మీద బరువు ఎత్తి, కాలు కదలకుండా 45 సెకన్లు పట్టు; రెండు నిమిషాలు ఆగి మళ్ళీ, మొత్తం ఐదుసార్లు. నొప్పి అణిగాక వారానికి మూడు రోజులు బరువు స్క్వాట్‌లు (బరువు మోస్తూ గుంజీలు), దిగడానికి మూడు నాలుగు సెకన్లు, లేవడానికీ అంతే. రోజూ పొద్దున్నే 25 డిగ్రీల వాలు చెక్క మీద ఒంటికాలితో ఓ స్క్వాట్ చేసి, నొప్పికి పదికి ఎన్నో మార్కు వెయ్యి. మూడు లోపుండి, మర్నాటికి పాత అంకెకే వస్తే ఫర్వాలేదు. పెరుగుతూ పోతే ఆ రోజే ఫిజియోకి చెప్పు. సిగ్గుపడకు.

అక్కడ రోజుకు రెండు పూటలా ప్రాక్టీసు ఉండొచ్చు. ఒక పూటకు అలవాటు పడ్డ కాలు వారంలో రెట్టింపు దెబ్బలు ఓర్చుకోదు. ఎన్నిసార్లు ఎగిరావో లెక్క రాసుకో, మెల్లగా పెంచమని మొదటి రోజే అడుగు. దిగేటప్పుడు రెండు కాళ్ళూ కలిసి ఆనాలి, ముందు మునివేళ్ళు, తర్వాత మడమ, మోకాళ్ళు లోపలికి పడకూడదు. నెట్టు దగ్గర పైకి ఎగురు, ముందుకు దూకకు. మధ్యగీత మీద పాదం కొంత ఆనినా రిఫరీ ఊరుకుంటాడు గానీ, అవతలివాడి పాదం మీద దిగితే చీలమండ ఊరుకోదు.

ఇటలీ అనగానే నాకు మన వాలీబాల్ ఆటగాడు జిమ్మీ జార్జ్ గుర్తొస్తాడు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు తెచ్చిన మన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాది నవంబరు 30న, 32 ఏళ్ళకే, ఇటలీలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. మ్యాచ్ అయ్యాక రాత్రిపూట కారు నడపనని మాట ఇవ్వు. ఈ ఒక్కదానికి బతిమాలుతున్నా.

అక్కడి నుంచి వీడియోలు పంపు. స్మాష్ దాకా కత్తిరించి పంపితే నాకొద్దు, నీ కాళ్ళు నేలకు ఆనేదాకా ఉంచు.

మామయ్య