ఆపరేషనా, ఫిజియోథెరపీయా: ముందు నొప్పి ఎక్కడుందో చెప్పండి

రెండేళ్లుగా నడుము నొప్పి, ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్క్ (నడుము కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) అరిగిందని వచ్చింది, వెన్నుపూసల్ని స్క్రూలతో బిగించే ఆపరేషన్ చేయించుకోమంటున్నారు, ఫిజియోథెరపీ చేయించినా తగ్గలేదు, ఏం చేయాలి అని అడిగారు. నొప్పి నడుములోనే ఉందా, పిరుదు నుంచి కాల్లోకి దిగుతోందా? మీరు అది రాయలేదు. నా లెక్కలో సగం జవాబు అక్కడే ఉంది.

నాది మూడేళ్ల నొప్పి. మొదట చూసిన సర్జన్ ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, "బిగించేద్దాం, ఎప్పుడు వస్తారు?" అన్నారు. నా ఒంటి మీద చెయ్యి కూడా వేయలేదు. భయంతో ఇంకొకరి దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పులు విప్పించి మడమల మీద నడిపించారు, తర్వాత మునివేళ్ల మీద. పడుకోబెట్టి ఒక్కో కాలూ పైకెత్తి చూశారు, మోకాలి దగ్గర, మడమ దగ్గర చిన్న సుత్తితో కొట్టి చూశారు. అంతా అయ్యాక, "నరం ఎక్కడా నొక్కుకోలేదు. నొప్పంతా నడుములోనే ఉంది. నేను కోసి ఏం తీయాలి?" అన్నారు. ఆ మాట నేనింకా మర్చిపోలేదు.

ఆయన పంపిన ఫిజియోథెరపిస్టు దగ్గర మొదటి రోజు మెషీన్లు లేవు, బెల్టు లేదు. ఒక ఖాళీ బకెట్ తెచ్చి నా ముందు పెట్టి, "తియ్యండి" అన్నారావిడ. ఖాళీ బకెట్టే! దాని ముందు నిలబడి చెమటలు పట్టాయి. ఊపిరి బిగబట్టి, నడుము కర్రలా పెట్టుకుని వంగాను. "ఊపిరి వదలండి, నడుము విరగదు" అన్నారు. మూడేళ్లుగా నొప్పితో పాటు ఈ భయాన్ని కూడా మోస్తున్నానని అప్పుడే తెలిసింది. మర్నాడు అందులో రెండు మగ్గుల నీళ్లు పోశారు. వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయారు. మధ్యలో రెండుసార్లు నొప్పి తిరగబెట్టింది, ఏడ్చాను కూడా. నాలుగో నెలలో నిండు బకెట్ ఎత్తి అటు నుంచి ఇటు మోసుకెళ్లాను.

అందుకే ఫిజియోథెరపీ చేయించాను, తగ్గలేదు అని ఎవరన్నా అంటే, ఏం చేయించారని అడుగుతాను. పది రోజులు పడుకోబెట్టి కరెంటు ప్యాడ్లు అంటించి వెళ్లిపోతే దాన్ని వ్యాయామ చికిత్స అనకూడదు. నాకూ అంతకుముందు అదే జరిగింది, అందుకే ఇంత కోపం. బ్రిటన్‌లో చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 349 మందిలో కొందరికి వెన్నుపూసలు బిగించే ఆపరేషన్ చేసి, కొందరితో గట్టిగా కసరత్తులు చేయించి, రెండేళ్ల తర్వాత పోల్చి చూశారు. 2005లో వచ్చిన ఆ ఫలితాల్లో ఆపరేషనే మేలనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు.

రిపోర్టులో "అరుగుదల" అన్న మాట చూసి బెంబేలెత్తకండి. నొప్పే లేనివాళ్లకు స్కాన్ తీసినా 20 ఏళ్ల వయసులో 37 శాతం మందిలో, 50 ఏళ్లకు 80 శాతం మందిలో అది కనిపిస్తుందని 2015లో లెక్క తేల్చారు. రిపోర్టు చేతిలో పెట్టేటప్పుడు ఈ ఒక్క వాక్యం ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఆపరేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. మా తమ్ముడికి అదే సరైన దారి. వాడికి నడుము కన్నా కాలు ఎక్కువ లాగేది. ఒకరోజు నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయింది, నాలుగడుగులు వేసేదాకా వాడికి తెలియలేదు. పాదం పైకి లేవడం లేదు. నరాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్క తీసేశారు, స్క్రూలేమీ వేయలేదు. కాలి నొప్పి వెంటనే పోయింది, పాదంలో బలం రావడానికి మాత్రం నెలలు పట్టింది. బలం తగ్గకుండా కాలి నొప్పి మాత్రమే ఉంటే కొన్ని వారాలు ఆగి చూడొచ్చు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది.

ఈ రాత్రి చెప్పులు విప్పి మడమల మీద పది అడుగులు నడిచి చూడండి. ఒక పాదం లేవకపోతే రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం కారిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా రేపటిదాకా కూడా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అవేవీ లేకపోతే ఆపరేషన్‌కు అప్పుడే తేదీ ఒప్పుకోకండి, ముందు ఒంటి మీద చెయ్యి వేసి చూసే ఇంకో డాక్టరుకు చూపించుకోండి.