అరెకరం అమ్మి ఇంజినీరింగ్ సీటు కొనాలా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాను. జీతం 28 వేలు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్‌లో చేర్పిస్తే హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు 9 లక్షలు అవుతుందట. చీటీ పాడితే 3 లక్షలు వస్తాయి. మిగతా 6 లక్షలకు అప్పు చేయాలి, లేదంటే తాడికొండ దగ్గరున్న అరెకరం అమ్మాలి. తనేమో సీఏ చదువుతానంటోంది. రాత్రిళ్లు నా పట్టీలు (రైతుల సరుకు అమ్మకం లెక్కల కాగితాలు) కూడిపెడుతుంది కూడా. మొన్న 40 టిక్కీల (మిర్చి బస్తాల) పట్టీలో హమాలీ ఖర్చు రెండుసార్లు పడిందని పట్టుకుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ పట్టీ సంగతి మీరు మాటవరసకు రాశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఎవరూ అడక్కుండానే పద్దులో తప్పు పట్టుకున్న పిల్ల తనకేం కావాలో కూడా నోరు తెరిచి చెబుతోంది. పొలం అమ్మకండి, సీఏలోనే చేర్పించండి.

6 లక్షలు 10 శాతం వడ్డీకి తెస్తే ఏడేళ్లపాటు నెలకు దాదాపు 9,960 రూపాయల కిస్తీ. చదువుకునే నాలుగేళ్లలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. మామూలుగా కోర్సయిన ఏడాదికి కిస్తీలు మొదలవుతాయి, అప్పటికి ఉద్యోగం వచ్చినా రాకపోయినా. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. కన్వీనర్ కోటాలో సీటొచ్చి, అమ్మాయికీ ఇష్టమై ఉంటే నేనే ఇంజినీరింగ్‌కి పంపమనేవాణ్ణి.

సీఏకి డబ్బు తక్కువే అవుతుంది, కాలమే చెప్పలేం. ఎంపీసీ వాళ్లూ రాయొచ్చు. మూడు మెట్లుంటాయి: ఫౌండేషన్‌లో 4 పేపర్లు, సీఏ ఇంటర్‌లో 6, ఫైనల్‌లో 6. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. సీఏ ఇంటర్‌లో ఒక్క పేపర్ 39 దగ్గర ఆగినా ఆ గ్రూపు (మూడు పేపర్ల జట్టు) పోయినట్టే. చురుకైన పిల్లలు కూడా ఇక్కడ ఏళ్లకేళ్లు చిక్కుకుపోవడం చూశాను, వాళ్ల తల్లిదండ్రుల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే పక్కనే బీకాం తప్పకుండా చేయించండి. మధ్యలో సీఏ ఆగినా చేతిలో డిగ్రీ ఉంటుంది. రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) సమయంలో డిగ్రీ చదవాలంటే సీఏ పరీక్షలు నడిపే సంస్థ ఐసీఏఐ అనుమతి తీసుకోవాలి, అది మరిచిపోవద్దు. ఫౌండేషన్‌కి ఏడాది, సీఏ ఇంటర్‌కి రెండేళ్లు అని ఇప్పుడే ఇద్దరూ కూర్చుని గడువు రాసుకోండి. ఆ గడువు అమ్మాయి నోటితోనే చెప్పించండి.

చీటీ ఇప్పుడు పాడొద్దు. తొందరపడి పాడితే పాటలోనే బోలెడు పోతుంది. చివరిదాకా ఉంచితే ఆర్టికల్‌షిప్ నాటికి అక్కరకొస్తుంది, ఎందుకంటే అప్పుడిచ్చే స్టైపెండ్ బస్సు ఖర్చులకూ పుస్తకాలకూ సరిపోతే గొప్ప. కోచింగ్‌కి బ్రాడీపేట వెళ్లి సాయంత్రానికి ఇంటికొస్తుంది కాబట్టి హాస్టల్ ఖర్చు లేదు. ఫీజు విడతలుగా కట్టే ఏర్పాటు అడగండి, ఒకేసారి కట్టి ఇరుక్కోవద్దు.

మీ పేరు మీద టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు. లేకపోతే అమ్మాయి ఫీజుకంటే ముందు అది తీసుకోండి. ఇంట్లో సంపాదన మీ ఒక్కరిదే అయితే ఆ చదువుకు ఆధారం మీరే.

కొట్టు లెక్కలు చూసే ఆడిటర్ గారిని అడిగి, సెప్టెంబరులో ఆడిట్ గడువు దగ్గరపడే రోజుల్లో ఒక పూట అమ్మాయిని ఆ ఆఫీసులో కూర్చోబెట్టండి. ఫైళ్ల గుట్టల మధ్య, రాత్రి పదింటిదాకా వాళ్లు పడే పాట్లు దగ్గర నుంచి చూడనివ్వండి. ఇంటికొచ్చాక తనేమందో నాకు రాయండి.